ఒకే సిల్వర్ ఓక్‌కు నాలుగు లెక్కలు

అరకు దారిలోని అనంతగిరి కొండవాలు మీద ఒక ఎకరం కాఫీ తోట తీసుకుందాం. రెండు మీటర్లకో మొక్క చొప్పున సుమారు వెయ్యి అరబికా మొక్కలు. వాటికి నీడగా వంద సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లను పట్టుకుని పైకి పాకిన మిరియాల పాదులు, గట్టు మీద రెండు పనసలు, గెడ్డ (వాగు) పక్కన ఒక నేరేడు. ఈ ఎకరానికి ఏడాది తిరిగేలోగా నలుగురు రావచ్చు. కార్బన్ ప్రాజెక్టు వాళ్ళు టేపు పట్టుకుని వస్తారు. కాఫీ కొనేవాళ్ళ మనిషి ఫోనులో జీపీఎస్ తెరుస్తాడు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ తనిఖీదారు ప్రశ్నల పత్రం తీస్తాడు. ప్రభుత్వ పథకం సిబ్బంది రిజిస్టరులో మొక్కల సంఖ్య రాసుకుంటారు. నలుగురూ చూసేది అదే చెట్టుని. నలుగురి నోటా వినిపించేది ‘సుస్థిరత’ అన్న మాటే. అయినా ఒకరు అడిగింది ఇంకొకరు అడగరు. ఒకరి దగ్గర నెగ్గిన తోట ఇంకొకరి దగ్గర నెగ్గుతుందన్న నమ్మకమూ లేదు.

ఈ చిక్కు విడిపోవాలంటే ముందుగా ఒక్క సంగతి తేల్చుకోవాలి. ఈ ఎకరం నుంచి మనం అమ్ముతున్నది ఏమిటి? చెట్టు గాలిలోంచి తీసి దాచుకున్న కార్బన్‌నా, చెట్టు కలపనా, దాని నీడలో పండిన గింజనా, లేక ఫలానా చోట ఇన్ని మొక్కలు బతికాయన్న లెక్కనా? ఒక్కో సరుకుకు ఒక్కో నియమావళి పుట్టింది. సరుకు ఏదో తేలకుండా నియమావళి ఎంచుకుంటే ఖర్చు రెండింతలవుతుంది, ఫలితం సగమవుతుంది.

టేపు లెక్క

అన్నిటికంటే చిక్కుగా కనిపించేది కార్బన్ లెక్క. నిజానికి ఇది గుణకారమే. చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే మనిషి రొమ్ము దగ్గర కొలుస్తారు. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం. ఉష్ణమండల చెట్లకు విరివిగా వాడే సూత్రం ఒకటుంది. కలప సాంద్రతను వ్యాసం వర్గంతో, ఎత్తుతో హెచ్చించి, ఆ మొత్తాన్ని 0.976 ఘాతానికి పెంచి, 0.0673తో గుణిస్తే నేల పైన ఉన్న చెట్టు ఎండు బరువు కిలోల్లో వస్తుంది.

మన ఎకరంలో ఒక సిల్వర్ ఓక్ 20 సెంటీమీటర్ల వ్యాసం, 15 మీటర్ల ఎత్తుకు చేరిందనుకుందాం. సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.5 గ్రాములుగా తీసుకుంటే ఎండు బరువు సుమారు 167 కిలోలు. వేళ్ళకు ఇంకో పాతిక శాతం కలిపితే 208. అందులో కార్బన్ వాటా 0.47, కాబట్టి 98 కిలోలు. కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి 3.67తో హెచ్చిస్తే దాదాపు 360 కిలోలు. ఒక టన్నుకు ఒక క్రెడిట్; కార్బన్ కొనే కంపెనీలకు అమ్మేది దాన్నే. అంటే ఈ సైజు చెట్లు మూడు కలిస్తే ఒక్క క్రెడిట్ అన్నమాట.

ఇప్పుడు డబ్బు సంగతి. వంద చెట్లూ బతికి ఆ సైజుకు రావడానికి పన్నెండేళ్ళు పట్టిందనుకుందాం. మొత్తం 36 టన్నులు. ఇందులో కొంత భాగాన్ని ఆపదల కోసం పక్కన పెట్టాలి. కార్బన్ క్రెడిట్ల నియమావళుల్లో ఒకటైన గోల్డ్ స్టాండర్డ్ ప్రకారం అది 20 శాతం. మిగిలేవి 29 క్రెడిట్లు, ఏడాదికి రెండున్నర లోపు. క్రెడిట్ పది డాలర్లకు అమ్ముడైతే, ప్లాన్ వివో నియమావళి చెప్పినట్టు అందులో కనీసం 60 శాతం రైతులకు చేరితే, డాలరు 85 రూపాయల లెక్కన ఎకరానికి ఏడాదికి సుమారు 1,200 రూపాయలు. అదే వంద చెట్ల మీద మిరియాల పాదులు ఒక్కోటి అరకిలో ఎండు మిరియం ఇచ్చి, కిలో 500కు పోయిందనుకోండి, 25,000. ధరలు మారతాయి, చెట్టు పెరుగుదలా మారుతుంది. ఆ రెండు అంకెల మధ్య దూరం మాత్రం అంత సులువుగా చెరిగేది కాదు. చెట్టు నిలబడాల్సింది మిరియం మీద, కాఫీ మీద, పనస మీద. కార్బన్ డబ్బు మొక్కలు, గోతులు, మొదటి మూడేళ్ళ కాపలా ఖర్చుకు ఆసరా అయితే అది మంచి ప్రాజెక్టే. కార్బన్‌తోనే బతుకులు మారిపోతాయని గ్రామసభలో చెప్పేవాళ్ళను ఈ గుణకారం చేసి చూపించమని అడగాలి.

గుణకారం తేలికే. దాని చుట్టూ ఉన్న నాలుగు ప్రశ్నలే బరువైనవి.

మొదటిది అడిషనాలిటీ. ఈ డబ్బు రాకపోయినా ఈ చెట్టు ఇక్కడ పుట్టేదా? పరవాడలోనో అచ్యుతాపురంలోనో ఒక కర్మాగారం తన స్థలంలో మూడో వంతు పచ్చదనం పెంచాలని పర్యావరణ అనుమతిలోనే షరతు ఉంటే, ఆ చెట్లకు క్రెడిట్ అడగడానికి వీల్లేదు. చట్టమే నాటించింది కదా. పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), కాఫీ బోర్డు పథకాల కింద ఎలాగూ నాటబోయే నీడ చెట్లకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. పథకం ఎంతవరకు ఇచ్చింది, ప్రాజెక్టు ఏం జోడించింది అన్నది ప్లాటు వారీగా కాగితం మీద చూపించాలి.

రెండోది మొదటి రోజు లెక్క, బేస్‌లైన్. నాటే ముందు ఆ నేల మీద ఏముంది? ఆ రెండు పనసలు, నేరేడు ముందునుంచీ ఉన్నవైతే అవి ప్రాజెక్టు ఖాతాలోకి రావు. ఇక్కడే ఒక పెద్ద అడ్డుగీత కూడా ఉంది. కార్బన్ క్రెడిట్లు జారీ చేసే వెర్రా సంస్థ వీసీఎస్ నియమావళిలోనూ గోల్డ్ స్టాండర్డ్‌లోనూ ప్రాజెక్టు మొదలయ్యే ముందు పదేళ్ళలో సహజమైన అడవిని కొట్టి ఖాళీ చేసిన నేలకు ప్రవేశం లేదు. ఐక్యరాజ్యసమితి పాత కార్బన్ విధానం క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజంలో ఆ గీత ఇంకా వెనక, 1989 డిసెంబరు 31 దగ్గర ఉండేది.

మూడోది లీకేజీ. ఆ ఎకరంలో నిన్నటిదాకా చోడి, సామలు, వలిసెలు వేసేవారు, కోతలయ్యాక మేకలు మేసేవి. చెట్లు వచ్చాక పోడు పక్క కొండకు జరిగితే, మేకలు ఇంకో తుప్పలోకి వెళ్తే, ఇక్కడ పెరిగిన కార్బన్ అక్కడ పోయినట్టే. అందుకే నీడ పూర్తిగా కమ్ముకోని మొదటి మూడు నాలుగేళ్ళు వరసల మధ్య పసుపు, అల్లం, రాజ్మా, చోడి సాగనిచ్చే నమూనాలు గట్టిగా నిలుస్తాయి. ఇంట్లో తిండిగింజలు ఆగకపోతే పోడు జరగాల్సిన పని పడదు.

నాలుగోది, విశాఖ ప్రాంతానికి అన్నిటికంటే దగ్గరిది: చెట్టు నిలుస్తుందా? వీసీఎస్ ఇప్పుడు కనీసం 40 ఏళ్ళ హామీ అడుగుతోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజున ఇక్కడ ఆ మాటకు అర్థం తెలిసింది. నగరంలో చెట్లు వరసలకు వరసలు కూలాయి. మన్యంలో సిల్వర్ ఓక్‌లు విరిగి కాఫీ మొక్కల మీద పడ్డాయి. నీడ పోయి, మొక్క నలిగి, ఒకే రోజున రెండు నష్టాలు. ఇలాంటి దెబ్బల కోసమే ప్రతి ప్రాజెక్టు నుంచీ కొన్ని క్రెడిట్లు ఉమ్మడి నిల్వలో పెడతారు. తుఫానుకు పోయిన కార్బన్‌కు సరిపడా క్రెడిట్లను ఆ నిల్వలోంచి రద్దు చేస్తారు. రైతు కొట్టేసినా, ప్రాజెక్టు నిర్వాహకులు వదిలేసినా దాన్ని ఆపగలిగిన నష్టంగా చూస్తారు, పూడ్చే భారం ప్రాజెక్టు మీద పడుతుంది. ఈ తేడా రైతుతో రాసుకునే ఒప్పందంలో తెలుగులో, అర్థమయ్యేలా ఉండాలి.

ఒకే జాతి చెట్టుతో తోట నింపితే ఈ నాలుగో ప్రశ్నకు జవాబు బలహీనపడుతుంది. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. నిటారుగా పెరుగుతుంది, మిరియానికి మంచి ఆసరా, కింది కొమ్మలను తనే రాల్చుకుంటుంది. నాటేవాళ్ళకు అందుకే అంత ఇష్టం. కానీ దాని ఆకు తొందరగా చివకదు, అది నేలకు నత్రజని ఇచ్చే జాతీ కాదు. ఒకే వయసు, ఒకే ఎత్తు ఉన్న చెట్ల మీదికి గాలి ఒకేసారి వస్తుంది. వందలో అరవై సిల్వర్ ఓక్, మిగతా నలభైలో పనస, నేరేడు, వేగిస, మద్ది, కానుగ, ఉసిరి వేసుకుంటే కార్బన్ అంకె మొదట్లో కాస్త తగ్గినా తోట నిలిచే అవకాశం పెరుగుతుంది. నియమావళి ఏదైనా సరే, ఈ ప్రాంతంలో మిశ్రమ జాతులు తప్పనిసరి అన్నదే మా అభిప్రాయం.

ఈ నాలుగు ప్రశ్నలు ఉత్తరాంధ్రకు కొత్తవి కావు. ప్రపంచ బ్యాంకు బయోకార్బన్ ఫండ్ మద్దతుతో ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, కలహండి జిల్లాలు, మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల చిన్న రైతుల పొలాల్లో జామాయిల్, సరుగుడు వేయించిన ప్రాజెక్టు క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం కింద నమోదైంది. ఆ విధానంలో అడవుల క్రెడిట్లు తాత్కాలికమైనవి, గడువు తీరగానే కొన్నవాడు వేరే క్రెడిట్‌తో పూడ్చుకోవాలి. పైగా ఐరోపా ఉద్గారాల మార్కెట్ అడవి క్రెడిట్లను రానివ్వలేదు. దాంతో కొనేవాళ్ళు తగ్గిపోయారు. ఉమ్మడి నిల్వ అన్న ఏర్పాటు తర్వాత నియమావళుల్లో వేళ్ళూనుకోవడానికి ఆ చిక్కే ఒక కారణం. అరకులో నాంది ఫౌండేషన్, లైవ్లీహుడ్స్ ఫండ్ కలిసి ఆదివాసీ రైతుల పొలాల్లో లక్షల సంఖ్యలో పండ్లు, కలప, నీడ చెట్లు నాటించిన ప్రాజెక్టు ఇంకో దారి పట్టింది. అక్కడ ముందు తోట, దాని వెనక కార్బన్.

2023 సెప్టెంబరులో వెర్రా తెచ్చిన వీఎం0047 పద్ధతి చిన్న రైతులకు ఒక వెసులుబాటు ఇచ్చింది. విశాలమైన ప్లాంటేషన్‌లకైతే ప్రాజెక్టు లేని చోట పచ్చదనం ఎంత పెరిగిందో ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, ఆ మేరకు కోత పెడతారు. గట్ల మీద, పొలాల్లో చెదురుగా ఉన్న చెట్లకు ఇంకో దారి ఉంది. ప్రతి మొక్కనూ జనాభా లెక్కలా లెక్కపెట్టే విధానం అది. మన ఎకరంలాంటి వాటికి ఈ రెండోదే సరిపోయే అవకాశం ఎక్కువ. అందుకే మొక్క నాటిన రోజు నుంచే ప్రతి చెట్టుకు తేదీ, జాతి, ప్లాటు నంబరు రాసుకోవాలి.

ఫోను లెక్క, ప్రశ్నల పత్రం

కాఫీ కొనేవాళ్ళ మనిషి ఫోనులో చూసేది కార్బన్‌ను కాదు, తేదీని. ఐరోపా సమాఖ్య అటవీ నిర్మూలన నిబంధన 2023లో చట్టమైంది. అమలు తేదీ వాయిదాల మీద వాయిదాలు పడింది. కానీ 2020 డిసెంబరు 31 అన్న గీత కదల్లేదు. ఆ రోజు తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన కాఫీ ఐరోపాలో అమ్మకూడదు. నాలుగు హెక్టార్ల లోపు ప్లాటుకు ఒక్క బిందువు చాలు, అక్షాంశ రేఖాంశాలు దశాంశం తర్వాత ఆరు అంకెల దాకా ఇవ్వాలి. అంతకు మించితే హద్దు గీయాలి. ఎకరం అంటే 0.4 హెక్టారు, కాబట్టి మన రైతుకు ఒక్క బిందువు.

ఆ బిందువును ఊరి చావిడి దగ్గర నిలబడి ఇవ్వడం మామూలుగా జరిగే పొరపాటు. తోట మధ్యలో, కొమ్మల మధ్య కాస్త ఆకాశం కనిపించే చోట నిలబడి, ఫోనులో చూపే దోషం అయిదు మీటర్లకు దిగేదాకా ఆగి అప్పుడు నమోదు చేయాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఉపగ్రహ పటాలు నీడ కాఫీ తోటను అడవిగా పొరబడుతుంటాయి. ఆ నిబంధన ప్రకారం ప్రధానంగా వ్యవసాయానికి వాడే నేల, అందులో చెట్లున్నా, అడవి కిందికి రాదు. అయినా తుఫానుకు సిల్వర్ ఓక్‌లు కూలిన ఏడాది పటంలో అది ‘అడవి పోయింది’ అన్నట్టు ఎర్రగా కనిపించవచ్చు. 2020కి ముందు నుంచే అక్కడ కాఫీ ఉందని చూపే పాత పాస్‌బుక్కు, ఐటీడీఏ మొక్కల పంపిణీ రిజిస్టరు నకలు, తేదీ ఉన్న ఫోటో దాచుకోవాలి. ఆ ఒక్క కాగితం లేకపోతే మొత్తం లాటే నిలిచిపోవచ్చు. అరకు వ్యాలీ అరబికాకు 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఇక్కడ అక్కరకు రాదు, దాని పని వేరు.

సర్టిఫికెట్ల విషయానికొస్తే, రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ గీత 2014 జనవరి 1. ఆ తర్వాత సహజ అడవిని మార్చిన నేలకు చోటు లేదు. కాఫీలాంటి నీడ పంటల పొలాల్లో 15 శాతం సహజమైన పచ్చదనం ఉండే దిశగా నడవాలంటుంది. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ వారి బర్డ్ ఫ్రెండ్లీ సర్టిఫికెట్ ఇంకా గట్టిది. కనీసం 40 శాతం నీడ, పన్నెండు మీటర్ల ఎత్తున ప్రధాన చెట్ల పందిరి, వాటికి తోడు కనీసం పది రకాల కలప జాతులు, పైగా సేంద్రియ సాగు. సిల్వర్ ఓక్ ఒక్కటే ఉన్న తోట అక్కడ ఎంత పచ్చగా ఉన్నా నెగ్గదు. కార్బన్ టేపు దగ్గర నెగ్గిన ఎకరం పక్షుల దగ్గర ఓడిపోయేది ఇక్కడే. సేంద్రియ సర్టిఫికెట్‌కు కాఫీలాంటి బహువార్షిక పంటలకు మూడేళ్ళ పరివర్తన కాలం ఉంటుంది, ఆ మూడేళ్ళ ఖర్చు ఎవరు మోస్తారో ముందే తేల్చుకోవాలి.

కొండ దిగి అనకాపల్లి వైపు మైదానాలకు వస్తే సరుకు కలప. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ గుజ్జు కోసం మూడు నుంచి అయిదేళ్ళకోసారి నరికేస్తారు. ఇక్కడ మాట్లాడేది అడవులకు, కలపకు సర్టిఫికెట్ నియమాలు రాసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఎస్‌సీ. దాని పది సూత్రాల్లో కార్మికుల భద్రత, నిషేధిత పురుగుమందులు, గెడ్డల పక్క నరకని పట్టీ, కనీసం పది శాతం నేల సంరక్షణకు వదలడం వంటివి ఉంటాయి. చిన్న రైతులు గుంపుగా సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 2023 డిసెంబరులో కేంద్రం సొంతంగా ఇండియన్ ఫారెస్ట్ అండ్ వుడ్ సర్టిఫికేషన్ స్కీమ్ మొదలుపెట్టింది, పొలాల్లోని చెట్లకూ అందులో చోటుంది. ఈ పొట్టి చక్రాల తోటలకు కార్బన్ క్రెడిట్లు వస్తాయా అని చాలామంది అడుగుతారు. నాలుగేళ్ళలో నిల్వ సున్నా నుంచి నలభై టన్నులకు పెరిగి, నరకగానే మళ్ళీ సున్నాకు పడుతుందనుకోండి. దీర్ఘకాలిక సగటు ఇరవై. ఎన్ని చక్రాలు తిప్పినా ఆ ఇరవై దగ్గరే క్రెడిట్లు ఆగిపోతాయి. ప్రతి నరుకుడికీ నలభై వస్తాయని లెక్క చూపించే ప్రతిపాదన తప్పు.

ప్రభుత్వ రిజిస్టరు సంగతి క్లుప్తంగా. 2023 అక్టోబరులో కేంద్రం గ్రీన్ క్రెడిట్ నియమాలు వచ్చాయి; ఇవి కార్బన్ క్రెడిట్లు కావు. 2024 ఫిబ్రవరి పద్ధతిలో క్షీణించిన అటవీ భూముల్లో హెక్టారుకు 1,100 మొక్కల లెక్కన, మొక్కకో క్రెడిట్. 2025 ఆగస్టు సవరణతో అయిదేళ్ళు గడిచాక, చెట్ల పందిరి 40 శాతానికి చేరితేనే బతికిన చెట్లను లెక్కిస్తారు. నాటిన సంఖ్య నుంచి బతికిన సంఖ్యకు జరిగిన ఈ మార్పు నిజంగా మంచి మార్పు. ఇది అటవీ శాఖ అజమాయిషీలోని భూములకు సంబంధించింది కాబట్టి మన రైతు ఎకరానికి వర్తించదు. మొక్కలు పెట్టకూడని చోట్లూ ఉన్నాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు భూగర్భ వారసత్వ స్థలం. ఖాళీగా కనిపిస్తున్నాయని అక్కడ తోట వేస్తే అది పర్యావరణానికి చేసిన మేలు అనిపించుకోదు.

నాలుగు లెక్కలూ ఒకే ఎకరం మీద నడిపించొచ్చా? కాఫీ సర్టిఫికెట్, ఐరోపా తేదీ, కార్బన్ మూడూ కలిసి నడుస్తాయి. అదే టన్ను కార్బన్‌ను ఇద్దరికి అమ్మడం మాత్రం కుదరదు. కాఫీ కొనే కంపెనీ ‘మా సరఫరా గొలుసులోనే ఇంత కార్బన్ తగ్గించాం’ అని తన ఖాతాలో రాసుకుని, అదే చెట్ల క్రెడిట్లను ఇంకో కంపెనీ కొంటే ఒకే చెట్టు రెండుసార్లు అమ్ముడైనట్టు. కాఫీ అమ్మే ఒప్పందంలో కార్బన్ హక్కు ఎవరిదో ఒక్క వాక్యం రాసుకుంటే ఈ తగాదా రాదు.

గోతిలో జరిగే తప్పులు

కాగితం మీద ఓడిపోయే ప్రాజెక్టుల్లో చాలావరకు అంతకుముందే గోతిలో ఓడిపోయి ఉంటాయి. 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గొయ్యి మే నెలాఖరులోపు తవ్వి ఎండకు వదిలేయాలి. పై మట్టిని ఒక పక్క, కింది మట్టిని ఇంకో పక్క పోయాలి. పూడ్చేటప్పుడు పై మట్టిలో రెండు మూడు కిలోల చివికిన పశువుల ఎరువు కలిపి అడుగున వేయాలి. నైరుతి వానలు నిలదొక్కుకున్నాక, జూన్ ఆఖరు నుంచి జూలై లోపల నాటాలి. మొక్కలు సెప్టెంబరులో వస్తే తుఫాను వానలకు పచ్చగానే కనిపిస్తాయి. కానీ డిసెంబరు నుంచి నేల ఆరిపోతుంది, వేరు ఇంకా జానెడు లోతే ఉంటుంది, ఏప్రిల్‌కు ఎండిపోతాయి. అందుకే బతికినవాటి లెక్క డిసెంబరులో తీస్తే నమ్మొద్దు. మొదటి వేసవి దాటాక, మే నెలాఖరులో తీసిందే లెక్క.

పాలిథిన్ సంచిలో ఎక్కువ కాలం ఉన్న మొక్కకు వేళ్ళు అడుగున ఉంగరంలా చుట్టుకుంటాయి. అలాగే నాటితే అది రెండేళ్ళు బాగానే పెరిగి, అయిదారేళ్ళ వయసులో గాలికి వేరుతో సహా ఒరిగిపోతుంది. పట్టు ఉండదు కదా. సంచి చింపి, అడుగున రెండు సెంటీమీటర్ల మట్టిని కత్తితో కోసి పారేసి నాటాలి. కొండ పైకి మోసేటప్పుడు మొక్కను కాండం పట్టుకుని ఎత్తకూడదు, బుట్టలో సంచి నిలబెట్టి మోయాలి. వ్యవసాయ అడవుల నర్సరీలకు గుర్తింపు ఇచ్చే పద్ధతిని కేంద్రం 2024లో ప్రకటించింది. మొక్కలు ఎక్కడివి, విత్తనం ఎక్కడిది అన్న రసీదు ఇప్పుడు తనిఖీలో పనికొస్తుంది. ఇక కోతలయ్యాక పశువులను వదిలేసే అలవాటు, మార్చిలో పోడుకు పెట్టే మంట. ఈ రెండూ గ్రామసభలో ఊరంతా కలిసి తీర్మానించుకోకపోతే ఒక్క రైతు కంచె వల్ల ఆగేవి కావు.

కొలతలోనూ తప్పులు జరుగుతాయి. మిరియాల పాదు చుట్టుకున్న సిల్వర్ ఓక్‌ను పాదుతో సహా టేపు చుట్టి కొలిస్తే చుట్టుకొలత మూడు సెంటీమీటర్లు ఎక్కువ చూపుతుంది. వ్యాసం 20కి బదులు 21 అవుతుంది, బరువు 167 నుంచి 183 కిలోలకు ఎగబాకుతుంది. లేని కార్బన్ పది శాతం లెక్కకెక్కినట్టే. తీగను పైకెత్తి టేపును దాని కిందుగా, కాండానికి అడ్డంగా చుట్టాలి. వాలు మీద ఎత్తు వైపు నిలబడి 1.37 మీటర్లు కొలిచి అక్కడ రంగు గీత వేస్తే అయిదేళ్ళ తర్వాత వచ్చినవాళ్ళూ అదే చోట కొలుస్తారు. ఆ గీతకు కింద రెండుగా చీలిన చెట్టును రెండు చెట్లుగా రాయాలి. ముప్పై డిగ్రీల వాలు మీద టేపుతో కొలిచిన 20 మీటర్లు పటంలో 17.3 మీటర్లే. నేల మీద టేపుతో ఎకరం కొలిచి, దాన్ని పటం మీది ఎకరంగా రాస్తే విస్తీర్ణంలో 13 శాతం లేనిదాన్ని ఉన్నట్టు రాసినట్టే.

ఎవరి నేల, ఎవరి చెట్టు

ఇన్ని కొలిచాక కూడా ప్రాజెక్టు ఆగిపోయేది భూమి కాగితం దగ్గర. 2022 జిల్లాల విభజనతో అరకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి, చట్టాలు మాత్రం అవే. అది రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గిరిజనులకు ప్రత్యేక రక్షణలున్న ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని గట్టిపరచిన 1970 నాటి సవరణ (1/70) ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. కాబట్టి కంపెనీ రైతు భూమిని నలభై ఏళ్ళకు లీజుకు తీసుకున్నట్టు రాసే ఏ కార్బన్ ఒప్పందమైనా అక్కడ నిలవదు. ఒప్పందం భూమి మీద ఉండకూడదు, చెట్టు నుంచి పుట్టే కార్బన్ ప్రయోజనం మీదే ఉండాలి.

చాలామందికి ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా. అది వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు, నాలుగు హెక్టార్లకు మించదు. పెళ్ళయినవాళ్ళకు భార్యాభర్తలిద్దరి పేరా ఉంటుంది. ఒప్పందం మీద ఒక్క మగవాడి సంతకమే ఉంటే అది లోపం. షెడ్యూలు ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996లో, రాష్ట్ర నియమాలు 2011లో వచ్చాయి. గ్రామసభ సమ్మతి నాటిన తర్వాత తీసుకునే అలంకారం కాదు, ప్రాజెక్టు రూపు తేలకముందే, ఊరివాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే భాషలో, ‘వద్దు’ అనే అవకాశంతో జరగాల్సింది. రైతు నరికే హక్కూ సూటిగా ఉండదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 వాల్టా చట్టం, 1970 కలప రవాణా నియమాలు రెండూ చూడాలి. సరుగుడు, జామాయిల్ వంటి కొన్నింటికి సడలింపులున్నాయి. పొలాల్లో చెట్లు నరకడంపై కేంద్రం 2025లో నమూనా నియమాలు పంపింది. పట్టా భూమిలో పెంచిన చెట్టు కలపను రేపు అమ్ముకోగలనా అన్న ప్రశ్నకు లిఖితపూర్వక జవాబు తీసుకోకుండా వేగిస, టేకు నాటమని రైతుకు చెప్పడం అన్యాయం.

నలభై ఏళ్ళ హామీ అంటే నలభై ఏళ్ళు ఒక్క చెట్టూ కొట్టకూడదని చాలామంది భయపడతారు. ప్రాజెక్టు కాగితంలో ముందే రాసుకున్న కోత ప్రణాళిక ఉంటే ఆ భయం అక్కర్లేదు. మన ఎకరంలో వంద చెట్లున్నాయి. పదిహేనో ఏడు నుంచి ఏడాదికి అయిదు చొప్పున కొట్టుకుంటే అవన్నీ అయ్యేసరికి ఇరవై ఏళ్ళు పడుతుంది. కొట్టబోయే ప్రతి చెట్టు పక్కన రెండేళ్ళ ముందే, అంటే పదమూడో ఏట నుంచి, ఒక వేగిసో పనసో నాటి పెట్టాలి. కూతురి పెళ్ళికో, ఇంటి దూలాలకో ఏడాదికి అయిదు చెట్లు రైతు చేతికొస్తాయి, నీడ ఎప్పుడూ పూర్తిగా పోదు, మొత్తం నిల్వ సగటు కిందికి జారదు. తుఫానుకు కూలిన చెట్టుకు బదులు మొక్క ఎవరిస్తారు, ఎన్ని నెలల్లో ఇస్తారు, కూలిన కలప ఎవరిది అన్న మూడు ముక్కలూ అదే పేజీలో ఉండాలి, ఆ పేజీ నకలు ఇద్దరి సంతకాలతో రైతు ఇంట్లో ఉండాలి.